హాజరు పట్టీలో పదిహేడో సంతకం

అక్టోబరు ఎనిమిదో తేదీ సాయంత్రం ఏడు గంటలకు, రసాయన శాస్త్ర భవనం మూడో అంతస్తులో పరిశోధక విద్యార్థిని జాహ్నవి స్పృహ తప్పి పడిపోయింది. బ్రోమిన్ ఆవిరి ఆమె ఊపిరితిత్తులను కాల్చింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉండి ప్రాణంతో బయటపడింది గాని, గొంతు మాత్రం పూర్తిగా తిరిగి రాలేదు. ఆమెతో ఒకే అపార్ట్‌మెంటులో ఉంటూ, అదే ల్యాబులో మూడేళ్లుగా పరిశోధన చేస్తున్న నీహారిక తండ్రి రాజారావు. ఫ్యాక్టరీల తనిఖీ శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి చీఫ్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన ఆయన, భార్య వసంతలక్ష్మితో కలిసి కూతురి దగ్గర ఆరు నెలలు ఉండిపోదామని టెక్సాస్ వచ్చాడు.

ప్రమాదం జరిగిన చోటును ఆయన ఊరికే చూసి రాలేదు. విషవాయువులను పైకి లాగివేసే గాజు తలుపుల గూడు, ల్యాబు పిల్లల మాటలో హుడ్డు, దాని అంచున ఒక పలచని కాగితం ముక్క పట్టుకుని అరగంట నిలబడ్డాడు. అయిదు గంటల యాభై తొమ్మిది నిమిషాల దాకా ఆ కాగితం లోపలికి వంగి రెపరెపలాడింది. ఆరు కాగానే నిటారుగా వేలాడింది. కరెంటు పొదుపు పేరుతో యూనివర్సిటీ ప్రతి సాయంత్రం ఫ్యాన్ల వేగాన్ని సగానికి తగ్గిస్తున్నదన్న సంగతి ఆ కాగితం ముక్క బయటపెట్టింది.

ఆయన రాసిన నాలుగు పేజీల ఫిర్యాదుకు వచ్చిన జవాబులో ఫ్యాన్ల ప్రస్తావనే లేదు. భద్రతా శిక్షణ పొందిన విద్యార్థిని నిర్లక్ష్యంగా ప్రవర్తించినందువల్ల ప్రమాదం జరిగిందని ఉంది. విచారణలో అది ఖాయమైతే జాహ్నవి అసిస్టెంట్‌షిప్ పోతుంది. అది పోతే సీటు పోతుంది. సీటు పోతే వీసా పోతుంది. కాలిన ఊపిరితిత్తులతో, డిగ్రీ లేకుండా, తప్పు తనదేనన్న కాగితం చేతబట్టుకుని ఆమె విమానం ఎక్కాలి.

*

నవంబరు రెండో తేదీ సోమవారం, ఉదయం పది గంటలకు విచారణ మొదలయింది. పర్యావరణాన్ని కాపాడుతున్నందుకు యూనివర్సిటీకి దక్కిన ప్రశంసాపత్రం ఒకటి గోడ మీద అద్దాల చట్రంలో వేలాడుతోంది. మూలన మూడు రంగుల చెత్తడబ్బాలు శుభ్రంగా, ఖాళీగా ఉన్నాయి.

బల్లకు అవతల భద్రతా విభాగం అధికారిణి మిసెస్ కార్వర్, ఆమె పక్కన ఇంధన పొదుపు విభాగం ఇంజనీరు డోలన్ కూర్చున్నారు. ఇవతల జాహ్నవి, ఆమెకు సహాయకుడుగా అనుమతి పొందిన రాజారావు. నీహారిక బయట కారిడార్‌లో ఉంది. సాక్షిగా పిలిస్తే తప్ప ఆమె లోపలికి రాకూడదు.

“హుడ్డు అలారం ఎందుకు మోగలేదు?” అన్నది రాజారావు మొదటి ప్రశ్న.

డోలన్ నవ్వు ముఖం మనిషి. చొక్కా మీద ఆకుపచ్చని ఆకు బొమ్మ బిళ్ల పెట్టుకున్నాడు. “ఆరు తరువాత గాలి తగ్గుతుంది కదా సర్. గాలి ఎంతకు పడిపోతే అలారం మోగాలన్న పాత హద్దును అలాగే ఉంచితే ప్రతి సాయంత్రం ప్రతి హుడ్డూ మోగుతుంది. అందుకని ఆరు తరువాత అలారం హద్దును కూడా తగ్గించాం.”

“అంటే, జ్వరం తగ్గకపోతే థర్మామీటరు మీద అంకెలు మార్చారు.”

“అది సరైన పోలిక కాదనుకుంటాను.”

“పోలిక సరైనదే. మీరు చేసిన పని సరైనది కాదు.”

డోలన్ నవ్వు కొంచెం సన్నబడింది. “ఆ వేళకు ల్యాబులు దాదాపు ఖాళీ అవుతాయని మా అంచనా.”

“ఆ అంచనా వేసినవారు ఆ భవనాన్ని రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారి బయట నిలబడి చూశారా? నేను వరుసగా ఆరు రోజులు చూశాను. మూడో అంతస్తులో పదకొండు కిటికీలుంటే తొమ్మిదింటిలో దీపాలు. పీహెచ్‌డీ చేసే పిల్లలు ఆరింటికి ఇంటికి పోతారని నమ్మేవాడు అటువంటి పిల్లలను ఒక్కరినైనా ఎరిగి ఉండడు.”

“ఉండేవాళ్ల కోసం గోడ మీద పసుపు బటన్ పెట్టాం సర్. అది నొక్కితే నాలుగు గంటలపాటు పూర్తి గాలి వస్తుంది.”

“ఆ బటన్ మీద ఏమి రాసి ఉంది?”

డోలన్ కార్వర్ వైపు చూశాడు.

“ఏమీ రాసి లేదు,” రాజారావే చెప్పాడు. “మా జిల్లాలో పిండిమర నడిపేవాడు కూడా ఏ స్విచ్చు దేనికో కింద సుద్దముక్కతో రాసుకుంటాడు. చదువుకోలేదు కనుక రాస్తాడు. మీరు చదువుకున్నారు కనుక రాయలేదు.”

కార్వర్ అంతవరకూ మాట్లాడలేదు. వయసు యాభై దాటిన ఆమె ప్రతి మాటనూ తూచి వాడుతుంది. “అందుకే శిక్షణ ఉన్నది, మిస్టర్ రావ్. బటన్ సంగతి శిక్షణలో వివరంగా చెప్పాం. ఈమె హాజరయింది. ఇదిగో హాజరు పట్టీ నకలు. పదిహేడో సంతకం.”

ఆమె బల్ల మీదుగా కాగితాన్ని జరిపింది. జాహ్నవి దాని వంక చూడలేదు. రాజారావు కళ్లద్దాలు సవరించుకుని శీర్షిక చదివాడు. ఆగస్టు ఇరవై తొమ్మిది, శనివారం. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడున్నర దాకా.

ఆయన ఆ తేదీని మరొకసారి చదివాడు. కోటు లోపలి జేబులోంచి పాస్‌పోర్టు తీసి, పేజీ తిప్పి, కార్వర్ ముందు పెట్టాడు.

“ఇక్కడ ముద్ర చూడండి. ఆగస్టు ఇరవై తొమ్మిది. ఆనాడు మధ్యాహ్నం ఒంటిగంటా నలభై నిమిషాలకు నేనూ నా భార్యా డాలస్ విమానాశ్రయంలో దిగాము. మమ్మల్ని తీసుకురావడానికి వచ్చినది ఈ అమ్మాయి. నా భార్యకు మోకాళ్ల నొప్పులని ముందు సీటు వెనక్కి జరిపి కూర్చోబెట్టింది. రెండు గంటలు ఈమె కారులో ప్రయాణం చేశాము. ఒకే మనిషి అదే సమయానికి మీ శిక్షణ గదిలో ఎలా కూర్చున్నదో మీరే చెప్పాలి.”

డోలన్ బిళ్లను సరిచేసుకున్నాడు.

రాజారావు గొంతు పెరిగింది. మూడు వారాలుగా అణచిపెట్టుకున్న కోపానికి ఇప్పుడు ఆధారం దొరికింది. “ఇది దొంగసంతకం. ప్రమాదం జరిగిన తరువాత చేర్చినది. నా ఉద్యోగంలో ఇటువంటివి నలభై చూశాను. కార్మికుడి చెయ్యి తెగిన మర్నాడు శిక్షణ రిజిస్టరులో అతని వేలిముద్ర వచ్చి కూర్చుంటుంది. తెగిన చేతి వేలిముద్రే ఒకసారి దొరికింది నాకు! అక్కడ గుమాస్తా చేత చేయిస్తారు. ఇక్కడ ఎవరి చేత చేయించారు?”

“యూనివర్సిటీ ఫోర్జరీ చేసిందని మీరు ఆరోపిస్తున్నారా?” అని కార్వర్ అడిగింది. “ఈ మాటలు రికార్డవుతున్నాయి.”

“రికార్డు కావాలనే స్పష్టంగా పలుకుతున్నాను. నకలు నాకు వద్దు. అసలు పట్టీ తెప్పించండి. ఇప్పుడే తెప్పించండి.”

కార్వర్ ఫోన్ అందుకుంది. పావుగంట విరామం ప్రకటించింది.

రాజారావు జాహ్నవి వైపు తిరిగాడు. ఆ ముఖంలో ఊరట కనిపిస్తుందనుకున్నాడు. ఆమె రెండు చేతులతో బల్ల అంచును పట్టుకుని ఉంది.

“అంకుల్,” అన్నది. ఆ గొంతు గరుకు కాగితం రాపిడిలా ఉంది. “అది ఎందుకు చెప్పారు అంకుల్?”

“నిజం కనుక చెప్పానమ్మా. ఏం?”

జవాబుకు బదులు దగ్గు వచ్చింది. ఆమె మంచినీళ్ల గ్లాసు తీసుకుని ముఖం తిప్పుకుంది.

*

కారిడార్‌లో నీహారిక నిలబడే ఉంది. “ఏమైంది నాన్నా?”

“దొరికిపోయారు. అసలు పట్టీ తెప్పిస్తున్నారు. ఆ సంతకం జాహ్నవిది కాదని రుజువు చేశాను.”

నీహారిక ముఖం పాలిపోయింది. “ఒరిజినల్ వద్దని చెప్పండి. ప్లీజ్ నాన్నా, లోపలికెళ్లి వద్దని చెప్పండి.”

“ఎందుకు చెప్పాలి?”

“ఎందుకంటే అది వాళ్లు పెట్టింది కాదు. నేను పెట్టాను.”

“నువ్వు?”

“జానూ పేరు నేనే సైన్ చేశాను. ప్రాక్సీ, నాన్నా. ఇంజనీరింగ్‌లో రోజూ చేసేవాళ్లం, ఒకళ్లకొకళ్లం. ట్రైనింగ్‌కి రాకపోతే ల్యాబ్ కార్డ్ ఆపేస్తారు. నెక్స్ట్ సెషన్ అక్టోబర్ ఎండ్‌లో. రెండు నెలలు తను ల్యాబ్‌లోకి వెళ్లడానికి ఉండదు. అటెండెన్స్ షీటే కదా అనుకున్నా.”

“వీరాంజనేయులు గుర్తున్నాడా నీకు?”

“ఇప్పుడు ఆయనెందుకు?”

“గుర్తున్నాడా అని అడిగాను.”

“ఉన్నాడు. మన వరండాలో కూర్చుని ఏడ్చాడు.”

“నా కింద పనిచేస్తూ, బాయిలరు చూడకుండానే చూసినట్టు సంతకం పెట్టాడు. ఇద్దరు చిన్నపిల్లలున్నారని మీ అమ్మ ఎంత చెప్పినా వినలేదు. సస్పెండ్ చేశాను. ఆ బాయిలరు పేలలేదు నీహారికా. పేలకపోయినా సస్పెండ్ చేశాను. నీ సంతకం ఒక పిల్ల ఊపిరితిత్తులను కాల్చింది.”

“అయితే నన్నూ సస్పెండ్ చేయండి!” ఆమె గొంతు కూడా లేచింది. “కానీ జానూ ఆ రోజు ఎక్కడికి వెళ్లిందో, ఎందుకు వెళ్లిందో కూడా రాసుకోండి. నాకు కారు లేదు, లైసెన్స్ లేదు. షటిల్ వ్యాన్ బుక్ చేస్తానన్నాను. మీరు ఫోన్‌లో ఏమన్నారు? ‘ఎవడో నా పేరు అట్టముక్క మీద రాసి పట్టుకుంటే వాడి వెనక నడవడానికి నేను దిగుమతి సరుకునా? మన మనిషి రావాలి, లేదంటే టికెట్ క్యాన్సిల్ చేస్తాను’ అన్నారు. అన్నారా లేదా? వచ్చింది నాన్నా మన మనిషి. ట్రైనింగ్ ఎగ్గొట్టి వచ్చింది.”

ఆ మాటలు ఆయనవే. అన్నప్పుడు ఎంత సంతృప్తిగా అన్నాడో కూడా జ్ఞాపకం ఉంది. విమానాశ్రయంలో ఆ అమ్మాయి రెండు పెట్టెలు తోసుకుంటూ ముందు నడుస్తుంటే, మర్యాద తెలిసిన పిల్ల అని భార్యతో మెచ్చుకున్నాడు.

ఇద్దరు విద్యార్థులు నవ్వుకుంటూ పక్కనుంచి పోయారు. వాళ్లు మలుపు తిరిగేదాకా ఆగి, రాజారావు గొంతు తగ్గించి అడిగాడు.

“ఆ పసుపు బటన్ గురించి శిక్షణలో నిజంగా చెప్పారా?”

“చెప్పారు.”

“నువ్వు విన్నావు.”

“విన్నాను.”

“జాహ్నవికి చెప్పావా?”

నీహారిక కళ్లలో అప్పటిదాకా ఉన్న కోపం ఆ ప్రశ్నతో పోయింది. “చెబుదామనే అనుకున్నాను. ల్యాబ్‌కి వెళ్లి ఇంటికొచ్చేసరికి మీరు ఉన్నారు. అమ్మ పెట్టెలు విప్పింది. గోంగూర పచ్చడి కారి చీరలన్నీ పాడయ్యాయి. జానూ నేల మీద కూర్చుని నవ్వుతూ తుడుస్తోంది. రేపు చెబుదాంలే అనుకున్నాను. తర్వాత...” ఆగింది. “తర్వాత మర్చిపోయాను నాన్నా.”

“సంతకం చేయగలిగినదానివి ఒక్క మాట చెప్పలేకపోయావు.”

“నాకు తెలీదా అది? రోజూ తన దగ్గు వింటూ పడుకుంటున్నాను. నాకు తెలీదా?”

“మరి ఈ మూడు వారాలు నాతో ఎందుకు చెప్పలేదు? నేను ఆ ఫిర్యాదు టైపు చేస్తుంటే పక్కనే కూర్చుని స్పెల్లింగులు చూశావు!”

“చెబితే మీరేం చేస్తారో తెలుసు కాబట్టి.” కళ్లు తుడుచుకుంది. “ఇక్కడ ఆనర్ కోడ్ అంటారు, నిజాయితీ రూల్స్. ఫోర్జరీ అంటే స్ట్రెయిట్‌గా డిస్మిసల్. మూడేళ్ల పని, వీసా, అన్నీ పోతాయి. జానూ ముందే చెప్పింది, నా పేరు బయటికి రానివ్వనని. మీరొక్కరే... టైమ్ కన్ఫ్యూజ్ అయ్యానని చెప్పండి నాన్నా. జెట్‌లాగ్‌లో ఉన్నాను, ఎయిర్‌పోర్ట్‌కి ఎవరొచ్చారో సరిగ్గా గుర్తులేదని చెప్పండి. పెద్దవాళ్లు కదా, నమ్ముతారు.”

“మతి తప్పిన ముసలివాడినని రికార్డులో చెప్పమంటున్నావు.”

“నా కోసం.”

“నీ కోసం అదీ చెప్పగలనేమో. చెప్పిన తరువాత ఆ తప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుంది? నాకు చుట్టుకోదు. నీకు చుట్టుకోదు. లోపల దగ్గుతున్న ఆ పిల్లకు చుట్టుకుంటుంది.”

తలుపు తెరిచి ఎవరో ఆయన పేరు పిలిచారు.

*

అసలు పట్టీ ప్లాస్టిక్ కవరులో వచ్చింది. కార్వర్ దానితోపాటు జాహ్నవి ప్రవేశ దరఖాస్తును కూడా తెప్పించి, రెండు సంతకాలనూ పక్కపక్కన పెట్టింది.

“మీరు చెప్పినది నిజమే, మిస్టర్ రావ్. ఇది ఈమె సంతకం కాదు. అయితే యూనివర్సిటీ తరువాత చేర్చినదీ కాదు. ఈ పట్టీ ఆ శనివారం సాయంత్రం నాలుగు గంటలకే స్కాన్ అయింది. అప్పటికే ఈ సంతకం ఉంది. ప్రమాదం జరిగింది నలభై రోజుల తరువాత.”

రాజారావు నిలబడ్డాడు. “రిజిస్టరును మీరు మార్చారన్న నా ఆరోపణను ఉపసంహరించుకుంటున్నాను. నేను పొరబడ్డాను. ఇది కూడా రికార్డు చేయండి.”

ఆ మూడు వాక్యాలు పలకడం ఆయనకు ఎంత కష్టమయిందో జాహ్నవి ఒక్కతే గమనించింది. ఆయన కూర్చోకముందే ఆమె మాట్లాడింది.

“నా బదులు సంతకం పెట్టమని నేనే అడిగాను. ఎవరిని అడిగానో చెప్పను. తప్పు నాది.”

డోలన్ తేలికపడ్డాడు. ఫైలు మూసి పెన్ను జేబులో పెట్టుకున్నాడు. “అయితే ఇక మిగిలినదేముంది? శిక్షణకు రాలేదు. బటన్ నొక్కలేదు. తనే ఒప్పుకుంది. ఫ్యాన్ల విషయం ఈ విచారణ పరిధిలోకి రాదు.”

“ఒక్క ప్రశ్న,” అన్నాడు రాజారావు. “ఈ రోజు సాయంత్రం ఆరు గంటలకు ఆ ఫ్యాన్లు తగ్గుతాయా?”

“సిస్టమ్ మామూలుగానే నడుస్తోంది సర్.”

“ప్రమాదం జరిగిన తరువాత కూడా?”

“దానికి, దీనికి సంబంధం తేలలేదు కదా. పైగా ఈ సెమిస్టరులో కరెంటు పొదుపు పోటీలో మా భవనాలే ముందున్నాయి.”

రాజారావు అరచేతిని బల్ల మీద బలంగా ఆనించాడు. కారిడార్‌లో కూతురి మీద వచ్చిన కోపం, తన మీద తనకు వచ్చిన కోపం, రెండూ ఈ నవ్వు ముఖం ముందు ఒక్కటయ్యాయి. తాను మౌనంగా ఉంటే కూతురు మిగులుతుంది. జాహ్నవి పోతుంది. ఆ ఫ్యాన్లు మాత్రం ప్రతి సాయంత్రం ఆరింటికి సగం అవుతూనే ఉంటాయి. ఇంకొక అమ్మాయి, మరొక హుడ్డు.

“మిస్టర్ రావ్,” కార్వర్ పిలిచింది. “విమానాశ్రయానికి ఈమెను మీ కోసం పంపినవారు ఎవరో ఒకరు ఉండాలి. ఈ సంతకం ఎవరిదో మీకు తెలుసా?”

జాహ్నవి చప్పున తెలుగులోకి మారింది. “తెలీదని చెప్పండి అంకుల్. మీకు దణ్ణం పెడతాను. నాకు ఎలాగూ అయిపోయింది. రెండు లైఫ్‌లు ఎందుకు పోవాలి?”

“ఆమె ఏమంటోంది?” అని కార్వర్ అడిగింది.

“తెలియదని చెప్పమని నన్ను బతిమాలుతోంది,” అని రాజారావు ఉన్నది ఉన్నట్టు ఇంగ్లీషులోకి మార్చి చెప్పాడు. జాహ్నవి కళ్లు మూసుకుంది.

“మరి మీ జవాబు?”

“తెలుసు.”

డోలన్ పెన్ను మళ్లీ బయటికి వచ్చింది.

“ఆ పేరు మీకు రాసి ఇస్తాను,” అన్నాడు రాజారావు. “అయితే అదే కాగితం మీద, ఆ పేరుకు పైన, ఇంకొక వాక్యం ఉండాలి. ఈ యూనివర్సిటీ సాయంత్రం ఆరు తరువాత గాలిని సగం చేసింది, అలారం మోగకుండా చేసింది, ఆ సంగతి గోడ మీద ఎక్కడా రాయకుండా నాలుగు వందల మంది చేత ఆ భవనంలో పని చేయించింది. ఆ వాక్యం కింద మీరు సంతకం పెట్టండి. పేరు కింద నేను పెడతాను. ఇద్దరమూ తలదించుకుందాం. ఈ అమ్మాయి ఒక్కతే ఎందుకు దించుకోవాలి?”

“సంతకం పెట్టకండి,” డోలన్ కార్వర్ చెవి దగ్గరికి వంగాడు. “లీగల్ వాళ్లతో మాట్లాడకుండా ఏదీ పెట్టకండి.”

కార్వర్ మాత్రం ఎదుట ఉన్న ముసలాయన ముఖంలోకి చాలాసేపు చూసింది. ఎన్నో విచారణలు నడిపిన మనిషి ఆమె. పరాయివాళ్ల పేరు చెప్పడానికి ఎవరూ ఇంత మూల్యం అడగరని ఆమెకు తెలుసు.

“ఆ పేరు గల మనిషి మీకు ఏమవుతుంది, మిస్టర్ రావ్?” అని నెమ్మదిగా అడిగింది.

జవాబు కోసం ఆమె ఆగలేదు. ఆమె చూపు పదిహేడో సంతకం నుంచి ఒక్క వరుస పైకి జరిగింది. అక్కడ, అదే నల్ల సిరాతో, అదే వాలుతో, తండ్రి పేరును ఇంటిపేరుగా చేసుకున్న పదహారో సంతకం ఉంది: నీహారిక రాజారావు.